అతుకు కుదరని ప్లాస్టిక్ కారు కిట్: విప్పిన పెట్టె నుంచి నిలబడిన కారు దాకా

బాడీని ఛాసిస్ మీద పెట్టి బల్ల మీద నిలబెడితే ఎడమ ముందు చక్రం గాల్లో ఉంది. బానెట్ కుడిపక్క గోరు మందం పైకి లేచింది. వెనక బంపర్‌కీ బాడీకీ మధ్య సందులోంచి అవతలి గోడ కనిపిస్తోంది. పాత అచ్చులోంచి వచ్చిన కారు కిట్లు, అంటే ముక్కలు అతికించి కట్టుకునే చిన్న నమూనా కార్లు, కట్టే ప్రతి ఒక్కరికీ ఈ దృశ్యం పరిచయమే. నాకు మొదటిసారి ఎదురైనప్పుడు సందు కనిపించిన చోటల్లా లప్పం పెట్టేశాను. రెండు వారాలు రుద్దాక బాడీ నిండా గీతలు పడ్డాయి, పక్కనున్న క్రోమ్ పట్టీ అచ్చు అరిగిపోయింది, చక్రం మాత్రం గాల్లోనే ఉంది.

ఆ బాడీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అది నేర్పింది ఒక్కటే: సందు ఉన్న చోట తప్పు ఉండదు. లోపల ఎక్కడో ఒక ముక్క ఇంకో ముక్కను తంతూ ఉంటుంది. ముందు ఆ తన్నేదాన్ని పట్టుకోవాలి, సందు సంగతి తర్వాత. కింద రాసిన క్రమమంతా ఆ వేటే.

ఉదాహరణకి 1957 షెవ్రొలే బెల్ ఎయిర్, 1/25 స్కేలు (అసలు కారులో 25వ వంతు) తీసుకుంటున్నాను. అమెరికన్ కారు కిట్లలో బాగా కనిపించే కారు ఇది. పొడవాటి బాడీ, వంపు తిరిగిన ముందు అద్దం, పెద్ద క్రోమ్ బంపర్లు, పొడుగు బానెట్ అన్నీ ఉన్నాయి కాబట్టి రాగల ఇబ్బందులన్నీ ఒకేచోట వస్తాయి.

అసలు ఎందుకు కుదరదు

ఈ కిట్ల ప్లాస్టిక్ పాలీస్టైరీన్. దాన్ని సుమారు 200 డిగ్రీల దగ్గర కరిగించి ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో ఎక్కిస్తారు. చల్లారేటప్పుడు అది 0.4 నుంచి 0.7 శాతం దాకా కుంచించుకుపోతుంది. 203 మిల్లీమీటర్ల బాడీలో అది దాదాపు ఒక మిల్లీమీటరు. అచ్చు చేసేవాళ్లు ఈ లెక్క వేసుకునే చేస్తారు. కానీ మందంగా ఉన్న చోట ఆలస్యంగానూ, పలచగా ఉన్న చోట త్వరగానూ చల్లారుతుంది. సరిగ్గా చల్లారకముందే అచ్చులోంచి తీస్తే ముక్క వంకర పోతుంది.

దశాబ్దాలు వాడిన అచ్చు అంచులు అరిగితే ప్లాస్టిక్ బయటికి పొంగి పలుచటి రెక్కలా గడ్డకడుతుంది. ముక్కను అచ్చులోంచి బయటికి నెట్టే పిన్నులు గుండ్రటి బుడిపెలు మిగులుస్తాయి. ఈ బుడిపెలు ముక్కల లోపలివైపే ఉంటాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కానీ రెండు ముక్కలు కలిసేది ఆ లోపలివైపునే. అర మిల్లీమీటరు బుడిపె ఒకటి సీట్ల కింద ఇరుక్కుంటే బాడీ మొత్తం అర మిల్లీమీటరు పైకి లేస్తుంది.

దగ్గర పెట్టుకోవలసినవి

ముక్కలన్నీ అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం (స్ప్రూ) నుంచి వాటిని కత్తిరించే నిప్పర్. మెడికల్ షాపులో దొరికే 11 నంబరు సర్జికల్ బ్లేడు, దానికి 3 నంబరు పిడి. చిన్న ఆకురాళ్లు: ఒకటి బల్లపరుపుది, ఒకటి గుండ్రటిది. 240, 400, 600, 1000 నంబర్ల వాటర్ పేపరు. స్టీలు స్కేలు, వీలైతే డిజిటల్ కాలిపర్. మాస్కింగ్ టేపు, కార్బన్ పేపరు, పిల్లలు బొమ్మలు చేసుకునే క్లే, చేతి వెడల్పు అద్దం పలక. అతికించడానికి టామియా ఎక్స్‌ట్రా థిన్ లాంటి పలుచటి ప్లాస్టిక్ సిమెంటు (ప్లాస్టిక్‌ని కరిగించి అతికే జిగురు), ఫెవిక్విక్, ఫెవికాల్. నింపడానికి ఎం-సీల్, లప్పం, కాస్త టాల్కమ్ పౌడరు.

వీటిలో కార్బన్ పేపరునీ క్లేనీ తేలిగ్గా తీసుకోకండి. నా బల్ల మీద అన్నిటికంటే ఎక్కువ పనిచేసేవి ఆ రెండే.

కడగడం, కొలవడం

స్ప్రూలన్నిటినీ గోరువెచ్చని నీళ్లలో, గిన్నెలు తోమే సబ్బు చుక్కతో, పాత టూత్‌బ్రష్షుతో కడిగి ఆరబెట్టండి. అచ్చుకి అంటకుండా పూసిన నూనె జాడ పోతేనే సిమెంటూ రంగూ పట్టుకుంటాయి.

తర్వాత కొలత. నిజమైన 1957 బెల్ ఎయిర్ పొడవు 200 అంగుళాలు, అంటే 5080 మిల్లీమీటర్లు. ముందు, వెనక చక్రాల మధ్య దూరం 115 అంగుళాలు, అంటే 2921 మిల్లీమీటర్లు. 25తో భాగిస్తే బాడీ పొడవు 203, చక్రాల మధ్య దూరం 116.8 మిల్లీమీటర్లు రావాలి. ఛాసిస్ మీద ఇరుసు రంధ్రాల మధ్య ఎంత ఉందో, బాడీ మీద చక్రాల వంపుల నడిమధ్యల మధ్య ఎంత ఉందో విడివిడిగా కొలిచి పక్కపక్కన రాసుకోండి. రెండూ ఒకదానితో ఒకటి కలవకపోతే ఏది తప్పో నిజమైన కారు అంకె చెప్తుంది. ఇది చూడకుండా మొదలుపెడితే, అంతా అయ్యాక చక్రం వంపులో వెనక్కి జరిగి కనిపిస్తుంది. అప్పుడు చేయగలిగేది ఏమీ ఉండదు.

వంకర తీయడం

ఛాసిస్‌ను అద్దం పలక మీద పెట్టి నాలుగు మూలలూ ఒక్కొక్కటిగా వేలితో నొక్కండి. ఎక్కడైనా టకటకమంటే మెలి ఉన్నట్టే. 65, 70 డిగ్రీల నీళ్లలో అర నిమిషం ముంచి, మెలికి ఎదురుదిశలో అవసరానికి మించి కాస్త తిప్పి, అలాగే పట్టుకుని చన్నీళ్లలో పెట్టండి. ఒక్కసారికి రాదు, రెండు మూడు విడతలు పడుతుంది. మరిగే నీళ్లు వాడొద్దు. పాలీస్టైరీన్ 100 డిగ్రీలకు దగ్గరవుతూనే మెత్తబడిపోతుంది, ముక్క చేతిలోనే ఆకారం కోల్పోతుంది.

బాడీకి మాత్రం వేడినీళ్లు వద్దంటాను. కిటికీ స్తంభాలు అగ్గిపుల్ల కంటే సన్నం, ముందు అవే వంగుతాయి. బాడీ సామాన్యంగా వంగేది తలుపుల కింద: రెండు పక్కల అంచులూ లోపలికి ముడుచుకుంటాయి. స్ప్రూ ముక్కను సరైన కొలతకు కోసి, ఆ అంచుల మధ్య లోపలివైపు అడ్డంగా బిగించండి. ఛాసిస్ కూర్చునే చోటుకి కాస్త పైన, సీట్ల కింద దాగేలా పెడితే బయటికి కనిపించదు. బాడీ తన ఆకారంలో నిలబడుతుంది.

టాకాలు వేయడం

దర్జీ జాకెట్టు కుట్టేముందు ఏం చేస్తాడు? పెద్ద పెద్ద టాకాలు వేసి తొడిగి చూస్తాడు, భుజం ఎక్కడ లాగుతోందో గమనిస్తాడు, విప్పి మళ్లీ సరిచేస్తాడు. అసలు కుట్టు చివరికి. కిట్ విషయంలో మాస్కింగ్ టేపే టాకా. పెద్ద ముక్కలన్నీ ఒక్కచుక్క సిమెంటు లేకుండా టేపుతోనే నిలబెట్టి చూడాలి. పెట్టెలోని సూచనల కాగితం ఇంజన్‌తో మొదలుపెట్టమంటుంది. కుదురుగా ఉన్న కిట్‌కైతే అది సరే. ఇలాంటి కిట్‌లో ఇంజన్ ముందే అతికిస్తే తర్వాత దారి మూసుకుపోతుంది.

టాకాలకు ముందు ప్రతి ముక్క అంచునీ ఒకసారి చూసి రెక్కలు బ్లేడుతో గీకేయండి. అచ్చు రెండు సగాలు కలిసిన చోట పడ్డ సన్నటి గీతను ఆకురాయితో, లోపలి బుడిపెలను 240 పేపరుతో తీసేయండి. స్ప్రూ నుంచి కోసిన చోట మిగిలిన ముడిని కూడా వదలొద్దు. సగం జబ్బు ఇక్కడే నయమవుతుంది.

బాడీ ఛాసిస్ మీద కూర్చోవడం

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. నేను ఒక సాయంత్రం పూర్తిగా దీనికే కేటాయిస్తాను.

ముందు ఉత్త బాడీ, ఉత్త ఛాసిస్. రెండూ కలిపి టేపు వేయండి. చక్కగా కూర్చుంటే ఆ రెంటిలో తప్పు లేదు. విప్పి, సీట్లుండే లోపలి తొట్టిని చేర్చండి, మళ్లీ చూడండి. తర్వాత అద్దాలు. తర్వాత డాష్‌బోర్డు. తర్వాత ఇంజన్ వెనక అడ్డుగోడ. ఆ తర్వాత రేడియేటర్, చివరికి ఇంజన్. ఒక్కోసారి ఒక్కటే చేర్చాలి. ఏది చేర్చినప్పుడు బాడీ పైకి లేచిందో అదే దొంగ.

దొంగ దొరికాక అది ఎక్కడ తన్నుతోందో కార్బన్ పేపరు చెప్తుంది. అనుమానమున్న రెండు ముక్కల మధ్య చిన్న కార్బన్ ముక్క పెట్టి గట్టిగా నొక్కి తీయండి. ఎత్తుగా ఉన్న చోట నల్లటి మచ్చ పడుతుంది. పళ్లకి క్యాప్ వేసేటప్పుడు డాక్టరు రంగు కాగితం కొరకమనడం తెలిసే ఉంటుంది, అదే పద్ధతి. మచ్చ ఉన్న చోట మాత్రమే నాలుగు సార్లు ఆకురాయి ఆడించి మళ్లీ పరీక్షించండి. కార్బన్ జిడ్డు అతుకుని, రంగుని చెడగొడుతుంది, పని అయ్యాక సబ్బునీళ్లతో తుడవడం మరవొద్దు.

నా బెల్ ఎయిర్‌లో దొంగలు ఇద్దరు. వెనక అద్దం ముక్కకి కింది వైపు వెడల్పాటి అంచు ఉంది, తొట్టి వెనక గోడ దానికి తగులుతోంది. ఛాసిస్ మీద ఎడమవైపు రెండు బుడిపెలు తొట్టిని ఎత్తుతున్నాయి. అద్దం అంచులో బయటికి కనిపించని 2 మిల్లీమీటర్లు కోసి, బుడిపెలు అరగదీశాక బాడీ చిన్నగా టక్‌మని కూర్చుంది. నేను రెండు వారాలు లప్పంతో నింపిన సందు, లప్పం అక్కర్లేకుండానే మాయమైంది.

ఒక నియమం మాత్రం ఎప్పుడూ తప్పకండి: కోయాల్సి వస్తే కనిపించని ముక్కనే కోయాలి. ఛాసిస్ వెడల్పు ఎక్కువైతే ఛాసిస్ అంచునే అరగదీయాలి, బాడీ గోడ జోలికి పోకూడదు. తొట్టి ఎత్తెక్కువైతే దాని అడుగునే తగ్గించాలి, పైన తలుపు అచ్చుల వైపు కాదు.

చక్రాలు నేలను తాకడం

కొన్ని పాత కిట్లలో ముందు ఇరుసు ఒక ఇనుప కడ్డీ. అది ఇంజన్ బ్లాకులో ఉన్న రంధ్రం గుండానే అవతలికి వెళ్తుంది. అంటే ఇంజన్ వెంట్రుకవాసి పక్కకి ఒరిగినా ముందు చక్రాలు ఒరుగుతాయి. కడ్డీ దూర్చి, చక్రాలు తొడిగి, అద్దం పలక మీద నిలబెట్టి, ముందునుంచి కంటి ఎత్తులో చూసుకున్నాకే ఇంజన్ అతికించాలి.

కళ్లను పూర్తిగా నమ్మకండి. మామూలు కాగితం సన్నటి పట్టీలుగా కోసి ఒక్కో టైరు కిందకి దూర్చి లాగండి. బిగుసుకుంటే టైరు తాకుతోంది. సునాయాసంగా జారితే గాల్లో ఉంది. గాల్లో ఉన్న వైపు ఇరుసు రంధ్రాన్ని గుండ్రటి ఆకురాయితో కిందికి సాగదీసి, పైన మిగిలిన ఖాళీలో చిన్న ప్లాస్టిక్ ముక్క పెట్టండి. పట్టీ బిగిసేదాకా కొంచెం కొంచెంగా.

పాత కిట్లతో మరో సంగతి: మెత్తటి వినైల్ టైర్లు ఏళ్ల తరబడి అంటుకుని ఉంటే పాలీస్టైరీన్ చక్రాన్ని కరిగిస్తాయి. పెట్టె విప్పగానే టైర్లను వేరే కవర్లో పెట్టండి. చివర్లో తొడిగేటప్పుడు చక్రం గుంటలో సన్నటి వంటింటి ఫాయిల్ పట్టీ చుట్టి తొడిగితే మంచిది.

బానెట్

బెల్ ఎయిర్ బానెట్ పొడుగాటిది, పైన రెండు రాకెట్ల లాంటి అలంకారాలు ఉంటాయి. కంటికి ముందు పడేది అదే, కాబట్టి ఇక్కడ తప్పు దాగదు. మొదట ఇంజన్ లేకుండా బాడీ మీద ఉత్త బానెట్ పెట్టి చూడండి. అప్పుడు కుదిరి, ఇంజన్ పెట్టాక లేస్తే ఎయిర్ క్లీనరో రేడియేటర్ పైభాగమో తగులుతోందని అర్థం. క్లే ముద్దను ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఎయిర్ క్లీనర్ మీద ఉంచి, బానెట్‌ను అది ఉండాల్సిన ఎత్తు దాకా నొక్కి తీయండి. క్లే మిగిలిన మందమే మీకున్న ఖాళీ. నొక్కుకుపోయి పొరలా అయిందంటే ఇంజన్‌ను ఆ మేరకు కిందికి దించాలి. దానికి ఇంజన్ మౌంట్ల అడుగునే అరగదీయండి.

ఉత్త బానెట్టే కుదరకపోతే అది వంగి ఉండాలి, లేదా కొలత తప్పై ఉండాలి. వంపును వేడినీళ్లతో తీయొచ్చు. వెడల్పు ఎక్కువైతే ఒక్క పక్కే రుద్దకండి, అలంకారాలు మధ్య నుంచి జరిగినట్టు కనిపిస్తాయి. రెండు పక్కలా సమానంగా తగ్గించాలి. వెడల్పు తక్కువైతే అంచుకి సన్నటి ప్లాస్టిక్ పట్టీ అతికించి, ఒక రోజు ఆరాక కావలసినంత రుద్దుకోవాలి.

ఎంత సందు ఉంచాలి? నిజమైన కారులో 5 మిల్లీమీటర్ల సందు అనుకుంటే 1/25లో అది 0.2 మిల్లీమీటర్లు. మామూలు ప్రింటర్ కాగితం సుమారు 0.1 మిల్లీమీటరు మందం. ప్రైమరు, రంగు, పాలిష్ పూతలు రెండు వైపులా చోటు తింటాయి. అందుకే రంగుకు ముందు మూడు కాగితాలు బిగువుగా దూరేంత ఉంచండి. రంగు అయ్యాక అది రెండు కాగితాల సందుగా కనిపిస్తుంది.

ఇప్పుడు నింపడం

తన్నే ముక్కలన్నీ సరిచేశాక కూడా మిగిలిన సందులే నిజమైన సందులు. అవి కొద్దిగానే ఉంటాయి. ఒక్కో సందుకి ఒక్కో మందు.

వెంట్రుక మందం సందైతే పలుచటి సిమెంటు రాసి రెండు ముక్కల్నీ గట్టిగా నొక్కండి. కరిగిన ప్లాస్టిక్ సన్నటి గట్టులా పైకి ఉబుకుతుంది. రెండు రోజులు ఆగి రుద్దితే అతుకు కనిపించదు, దానికి మించిన అతుకు లేదు.

అర మిల్లీమీటరు సందైతే సాగదీసిన స్ప్రూ. స్ప్రూ ముక్కను కొవ్వొత్తి మంటకి వేలెడు పైన తిప్పుతూ, మధ్యలో మెత్తబడగానే మంటనుంచి తీసి రెండు చివర్లూ నెమ్మదిగా లాగండి. దారంలా సాగుతుంది. మెల్లగా లాగితే లావుగా, వేగంగా లాగితే సన్నగా వస్తుంది. ఆ దారాన్ని సందులో పరిచి పైన సిమెంటు తాకిస్తే బాడీలో కలిసిపోతుంది. నింపింది కూడా అదే ప్లాస్టిక్ కాబట్టి తర్వాత ఎంత రుద్దినా గట్టితనంలో తేడా రాదు.

అంతకంటే పెద్ద, ఎగుడుదిగుడు సందులకు ఫెవిక్విక్, టాల్కమ్ పౌడరు కలిపిన ముద్ద. క్షణాల్లో గట్టిపడుతుంది. గంటలోపే రుద్దేయాలి. రాత్రంతా వదిలేస్తే చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కంటే గట్టిబడి, ప్లాస్టిక్ అరిగి ముద్ద మాత్రం మిట్టలా మిగులుతుంది. బాడీ అడుగు, తొట్టి వెనక వంటి పెద్ద ఖాళీలకు ఎం-సీల్. అది కుంచించుకుపోదు, గట్టిపడకముందే తడివేలితో నునుపు చేయొచ్చు.

లప్పం అన్నిటికంటే చివర, చిన్న గుంటలకీ గీతలకీ మాత్రమే. కార్లకు రంగులేసే షాపుల్లో దొరికే ఎన్‌సీ పుట్టీ పనిచేస్తుంది. అయితే అందులోని థిన్నరు పాలీస్టైరీన్‌ని కరిగిస్తుంది, ఆరేకొద్దీ లప్పం కుంగుతుంది. అందుకే కాగితమంత పలుచగా పూసి, 24 గంటలు ఆగి, మళ్లీ పూయాలి. ఆటోనగర్‌లో టింకరింగ్ అయ్యాక పెయింటర్లు చేసేదీ ఇదే: పలుచటి పూతలు, మధ్యమధ్య ఆరనివ్వడం, చెక్క ముక్కకు చుట్టిన వాటర్ పేపరుతో నీళ్లు చల్లుతూ రుద్దడం. ఉత్త వేళ్లతో రుద్దితే వేళ్లు ఆనిన చోట గాడులు పడతాయి, మోడల్‌కి కూడా చిన్న చెక్క చుట్టుకోవాలి. నీళ్లతో రుద్దితే దుమ్ము గాల్లో లేవదు. పొడిగా రుద్దాల్సి వస్తే మాస్కు పెట్టుకోండి.

రుద్దేముందు పక్కనున్న క్రోమ్ పట్టీల మీద, అక్షరాల మీద రెండు పొరలు మాస్కింగ్ టేపు వేయడం మరవొద్దు. అరిగిపోయిన అచ్చును తిరిగి తేవడం చాలా కష్టం. తలుపుల, డిక్కీ గీతలు పూడుకుపోతే బ్లేడు వీపుతో, టేపును స్కేలులా పట్టుకుని, బరువు వేయకుండా పదిసార్లు లాగి లోతు చేయండి.

ప్రైమరు, రంగు

బూడిద రంగు ప్రైమరు ఒక పూత వేసి దీపం పక్కనుంచి పెట్టి చూడండి. చేతికి తెలియని గుంటలు కంటికి తెలుస్తాయి. గుర్తుపెట్టుకుని లప్పం, 600 పేపరు, మళ్లీ ప్రైమరు. రెండు మూడు తిరుగుళ్లు మామూలే. లాకర్ రంగులను వానాకాలపు ముసురులో కొట్టొద్దు. గాల్లో తేమకి పూత తెల్లగా పాలిపోతుంది. కోస్తాలో ఉండేవాళ్లు ఎండ కాసిన మధ్యాహ్నం దాకా ఆగడం మేలు, కిటికీలు తెరిచి.

క్రోమ్ ముక్కలు, అద్దాలు

క్రోమ్ పూత మీద ప్లాస్టిక్ సిమెంటు పట్టదు. అతికే చోట పూతను బ్లేడుతో గీకి ప్లాస్టిక్ కనిపించాకే అంటించాలి. బంపర్ల పిన్నులు రంధ్రాల్లో కుదరకపోతే వాటిని బలవంతంగా దూర్చొద్దు. పిన్నులు కోసేసి, బంపర్‌ను క్లేతో సరైన చోట నిలబెట్టి గుర్తు పెట్టుకుని, కొత్త రంధ్రాలు వేసి, సెంట్రింగ్‌లో కడ్డీలు కట్టే బైండింగ్ వైరు ముక్కను పిన్నుగా వాడండి. వైరు వంగుతుంది కాబట్టి చివరి క్షణంలో కూడా అటూ ఇటూ సర్దుకోవచ్చు.

పూత మచ్చలు పడి పాడైతే బట్టలకు వాడే బ్లీచులో నానబెట్టి మొత్తం తీసేయొచ్చు, తర్వాత క్రోమ్ పెయింటు వేసుకోవచ్చు. ఆ బ్లీచులో బాత్రూమ్ కడిగే యాసిడ్ మాత్రం ఒక్క చుక్క కూడా కలవకూడదు. విషవాయువు పుడుతుంది.

అద్దాలకు ఫెవిక్విక్ తగలనివ్వకండి, దాని ఆవిరి అద్దాన్ని తెల్లగా చేస్తుంది. ఫెవికాల్ ఆరాక పారదర్శకంగా ఉంటుంది, అది చాలు. బెల్ ఎయిర్ ముందు అద్దం రెండు పక్కలకీ చుట్టుకుని ఉంటుంది. కిట్ అద్దం మరీ మందంగా, కుదరకుండా ఉంటే కాగితంతో నమూనా కోసుకుని పారదర్శకమైన ఓహెచ్‌పీ షీటుతో కొత్తది చేయండి. మధ్య నుంచి మొదలుపెట్టి ఒక్కో చివరా లోపలివైపు టేపుతో పట్టి ఉంచి, ఒక చివర ఆరాకే రెండోది అతికించండి.

మూసేయడం

తొట్టి, అద్దాలు, డాష్‌బోర్డు లోపల ఉన్నాక బాడీని ఛాసిస్ మీదకి మొదట వెనకవైపు దించి, తర్వాత ముందువైపు నొక్కండి. టాకాల రోజు కుదిరిన క్రమాన్ని ఒక కాగితం మీద రాసుకుని ఉంటే ఇప్పుడు చేతులు తడబడవు. పెయింటు మందంతో ఎక్కడైనా బిగుసుకుంటే బలం పెట్టకుండా విప్పి, కనిపించని అంచు మీది పెయింటు మాత్రం గీకండి. సిమెంటు రంగును కరిగిస్తుంది కాబట్టి ఇక్కడ దాన్ని వాడొద్దు. ఛాసిస్ అంచు వెంట నాలుగు చోట్ల ఎం-సీల్ చుక్కలు పెట్టి, కారును అద్దం పలక మీద నిలబెట్టి, నాలుగు టైర్ల కిందకీ కాగితం పట్టీలు దూర్చి లాగి చూడండి. నాలుగూ బిగిశాక పైన టేపు చుట్టి, తెల్లారేదాకా ముట్టుకోకుండా వదిలేయండి.